ప్రవాసం ముగిసింది, అద్దె ఇల్లు దొరకలేదు

విదేశాల్లో పాఠాలు చెప్పి తిరిగివచ్చిన అధ్యాపకులు రాసుకునే వీడ్కోలు వ్యాసాలకు ఒక వరస ఉంది. విమానం కిటికీలోంచి చివరిసారి చూసిన కొండలు, కళ్ళు తుడుచుకున్న విద్యార్థులు, ఆ తర్వాత సొంత ఊరి మట్టి వాసన, అమ్మ చేతి ముద్ద. అవన్నీ నిజమే కావచ్చు. కాని వాటిని రాసినవారికి తిరిగిరావడానికి ఒక ఊరు ఉంటుంది. ఊరికి అవతల విసిరేసినట్టుండే వాడ నుంచి వెళ్ళినవాడు తిరిగి ఎక్కడికి వస్తాడన్న ప్రశ్న ఆ వ్యాసాల్లో కనిపించదు. ఇథియోపియాలో తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పి 2019లో తిరిగివచ్చిన నాకు అదే ప్రశ్న ఎదురైంది, ఇప్పటికీ ఎదురవుతూనే ఉంది.

మాది పెద్దతిప్పసముద్రం మండలం. మా పక్క అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, పి.టి.ఎం. అంటారు. రాయలసీమలో పెద్ద చెరువును సముద్రం అనడం పాత అలవాటు. ఆ పేరు చూసి ఇక్కడ నీళ్ళుంటాయని ఎవరూ భ్రమపడనక్కరలేదు. 2022 దాకా చిత్తూరు జిల్లాకు పడమటి కొస, ఆ తర్వాత అన్నమయ్య జిల్లా. వాన పడితే వేరుశనగ, బోరు పడితే టమోటా, రెండూ పడకపోతే బెంగళూరు బస్సు. మా తాత కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులు కట్టి బావిలోంచి నీళ్ళు తోడే ఆ తోలు బాన లేనిదే మోటార్లకు ముందు కాలంలో ఊళ్ళో మడి తడిసేది కాదు. చచ్చిన గొడ్డు తోలు వలిచి, ఊనబెట్టి, బాన కుట్టి ఇచ్చినవాడు ఆ బావిలో చేయి పెట్టకూడదు. బాన మాత్రం రోజంతా ఆ నీళ్ళలో మునిగి లేచేది. కరెంటు మోటారు వచ్చి బాన పోయింది, బానతోపాటు తాత పని పోయింది. బావి మైల మాత్రం పోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను, చదివింది జలవనరుల ఇంజినీరింగు. దీన్ని వింతగా చెప్పుకునేవాళ్ళున్నారు. నాకైతే అందులో వింతేమీ లేదు, మా ఇంట్లో అందరిదీ నీళ్ళ పనే.

వెళ్ళడానికి కారణం సాహసమూ కాదు, డాలర్ల వ్యామోహం ఒక్కటే కూడా కాదు. మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచిన కాలంలో వాటిలో విద్యార్థుల సీట్లకు రిజర్వేషన్ వచ్చింది, బోధించేవాడి కుర్చీకి రాలేదు. ఇప్పటికీ లేదు. ఆ కళాశాలల యాజమాన్యాలు ఏ రెండు మూడు కులాల చేతుల్లో ఉన్నాయో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. నేను పనిచేసిన చోట నా ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉండేవి, జీతం మూడు నెలలకోసారి వచ్చేది. విభాగాధిపతి పదవి ఖాళీ అయిన ప్రతిసారీ నాకన్నా తక్కువ సర్వీసు ఉన్నవారెవరో దానికి తగినవారయ్యేవారు.

అదే సమయంలో ఇథియోపియా ప్రభుత్వం విశ్వవిద్యాలయాలు తెరుస్తోంది. 1990ల నడుమ దాకా ఆ దేశంలో ఉన్నవి రెండే, అడిస్ అబాబాలో ఒకటి, అలెమాయాలో ఒకటి. రెండు దశాబ్దాల్లో ఆ సంఖ్య నలభై దాటింది. భవనాలు కట్టారు, పిల్లల్ని చేర్చుకున్నారు, చెప్పడానికి మనుషులు చాలలేదు. భారతీయ ఉపాధ్యాయులు వాళ్ళకు కొత్త కాదు. ఇటలీ ఆక్రమణ 1941లో ముగిశాక హైలే సెలాసీ చక్రవర్తి మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి, బడిపంతుళ్ళను పిలిపించుకున్నాడు. వయసు మళ్ళిన ఇథియోపియన్‌ను కదిపితే తనకు లెక్కలు చెప్పిన భారతీయ మాస్టారి సంగతి చెబుతాడు. కొత్త విశ్వవిద్యాలయాల కాలంలో ఆ వరసలో మన తెలుగువాళ్ళు చాలామంది చేరారు. రెండేళ్ళ కాంట్రాక్టు, పనితీరు బాగుంటే పొడిగింపు. ఇంటర్వ్యూలో డిగ్రీలు అడిగారు, పరిశోధన అడిగారు. ఇంటిపేరు అడగలేదు.

2010 సెప్టెంబరులో జిమ్మాలో దిగాను. వాళ్ళ పంచాంగంలో అది 2003. వయసు ఏడేళ్ళు తగ్గిందని నవ్వుకున్నాను. తగ్గినవి వేరే కూడా ఉన్నాయి. ఆ దేశంలో మనిషి పేరంటే అతని పేరు, దాని వెనుక తండ్రి పేరు, అంతే. కులాన్ని మోసే తోక దానికుండదు. పిల్లలు నన్ను ‘మెమ్హిర్’ అన్నారు, అంటే గురువు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు అమ్మ అడిగింది: “ఆడ నిన్నేమని పిలస్తా ఉండారు నాయనా?” చెప్పాను. “అంటే ఐవోరా?” అంది. అవునన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది. మా సీమలో పంతులును ఐవోరు అనే పిలుస్తారు. అయ్యవారు అన్న ఆ మాట ఏ కులం గడపలోంచి వచ్చిందో ఆమెకు తెలుసు. ఊళ్ళో నన్ను ఎవరైనా ప్రస్తావించాలంటే మొదట మా నాన్న పేరు, దానికి ముందు కులం పేరు, చివర ‘గాని కొడుకు’ అన్న మాట వస్తాయి. పీహెచ్‌డీ వచ్చాక ఆ వరస చివర ‘అదే, ఫారిన్‌లో ఉన్నాడే’ అన్నది మాత్రం చేరింది.

అక్కడ తిండి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని పులియబెట్టి, మన దోసె కన్నా పెద్దగా పోసే ఇంజెరా వాళ్ళ ముఖ్యాహారం. పెద్ద పళ్ళెంలో పరిచి, మీద కూరలు వడ్డించి, నలుగురైదుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారు. అతిథి మీద ప్రేమ ఉంటే ఒక ముద్ద చుట్టి తమ చేత్తో అతని నోట్లో పెడతారు. దాన్ని ‘గుర్షా’ అంటారు, కాదనడం మర్యాద కాదు. జిమ్మాలో మొదటి నెలలో ఒక సహోద్యోగి భార్య నా నోటికి ముద్ద అందించింది. నేను హైస్కూలుకు పోయే రోజుల్లో టీ అంగడి చూరులో మా గ్లాసు వేరుగా ఉండేది. మేమే తీసుకుని, మేమే కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. టీ పై నుంచి పోసేవాళ్ళు. పరాయి ఇంటి మనిషి నా పెదవులకు తగిలేలా అన్నం పెట్టడం అప్పటిదాకా నాకు తెలియని విషయం. ఆ ముద్ద మింగడానికి నాకు కొంత సమయం పట్టింది, కారం ఎక్కువైందని ఆమె అనుకుంది.

ఇక మన తెలుగు క్వార్టర్స్. ఉగాదికి, సంక్రాంతికి కలిసేవాళ్ళం. మొదటి పరిచయంలోనే పరీక్ష మొదలవుతుంది. ఇంటిపేరు చెప్పాక తేలకపోతే, ఏ ఊరు. ఊరు చెప్పాక తేలకపోతే, ఆ ఊళ్ళో ఎవరి తాలూకు. “పి.టి.ఎం.లో మాకు తెలిసినవాళ్ళున్నారే” అని ఒకాయన రెండు పెద్ద కుటుంబాల పేర్లు చెప్పి, వాళ్ళు మాకేమవుతారని అడిగాడు. మా నాన్న వాళ్ళ చేలో పనిచేసేవాడని చెప్పాను. ఆ తర్వాతి సంక్రాంతికి ఎవరింట్లో ఏ వంట చేయాలో పంచుకున్నప్పుడు నాకు గ్యాస్ సిలిండర్లు, కుర్చీల బాధ్యత వచ్చింది. ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. అమెరికాలో మన సంఘాలు కులాల వారీగా ఎందుకు చీలాయని ఆశ్చర్యపడేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం. పదిహేను కుటుంబాలున్న చోటే చీలిక వంటగదిలో మొదలైతే, వేలమంది ఉన్నచోట వేదిక మీదికి రావడంలో వింతేముంది? సియాటిల్ నగరం 2023లో వివక్షను నిషేధించే చట్టంలో కులాన్ని చేర్చిందంటే అది అమెరికావాళ్ళు కనిపెట్టిన సమస్య కాదు, మనం సామానుతోపాటు మోసుకుపోయినది.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. ఆ వారం తరగతి ముగిశాక ఒక విద్యార్థి ఫోన్‌లో ఆ వార్త చూపించి ఇదేమిటని అడిగాడు. కులం అంటే ఏమిటో పరాయి దేశపు పిల్లలకు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. జాతి అనుకున్నారు, మతం అనుకున్నారు, పేదరికం అనుకున్నారు. వాళ్ళ దేశంలో జాతి, భాషల గొడవలు తక్కువేమీ కాదు, విశ్వవిద్యాలయాల్లో రక్తాలు కారిన సందర్భాలున్నాయి. కాని ఒకే భాష, ఒకే దేవుడు, ఒకే రంగు ఉన్నవాళ్ళ మధ్య తాకకూడని మనిషి ఎలా ఉంటాడన్నది వాళ్ళకు అందలేదు. చివరకు సిద్ధాంతం వదిలేసి చూరులోని గ్లాసు సంగతి చెప్పాను. గది నిశ్శబ్దమైంది. అందరూ వెళ్ళాక ఒక కుర్రాడు ఆగాడు. కఫా ప్రాంతం వాడు. కాఫీకి పుట్టిల్లని చెప్పుకునే సీమ అది, జిమ్మాకు నైరుతిగా వంద కిలోమీటర్ల పైచిలుకు. “మెమ్హిర్, మా ఇంట్లోనూ అలాంటిది ఉంది” అన్నాడు.

అతను చెప్పింది మాంజోల గురించి. కఫా అడవి అంచుల్లో ఉండే జనం. ఒకప్పుడు వేట, ఇప్పుడు ఎక్కువగా కట్టెలు, బొగ్గులు అమ్ముకోవడం. వాళ్ళు అశుభ్రమైన మాంసం తింటారని మిగతా కఫావాళ్ళు అంటారు. ఇంటి లోపలికి రానివ్వరు, తమ పాత్రల్లో పెట్టరు. అరటిని పోలిన ఎన్సెట్ అనే మొక్క ఆకు తెంపి, బయట ఆ ఆకులో పెడతారు. పెళ్ళి సంబంధం మాట ఊహకే రాదు. మాంజోలు మాత్రమే కాదు. ఇథియోపియా దక్షిణాన చాలా తెగల్లో తోలు ఊనబెట్టేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, కమ్మరులు ఇలాగే పళ్ళేనికి దూరంగా ఉన్నారు. కొన్నిచోట్ల సమాధులు కూడా వేరు. అలులా పంక్‌హర్స్ట్, డేనా ఫ్రీమన్‌ల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘పెరిఫెరల్ పీపుల్’ అనే పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది. తోలు పని, మట్టి పని, ఇనప పని. ఆ జాబితా చదువుతున్నప్పుడు నేను ఆఫ్రికా గురించి చదువుతున్నానన్న స్పృహ నాకు లేదు.

సెలవుల్లో ఆ కుర్రాడు తమ ఊరికి తీసుకుపోయాడు. ఇంట్లో కాఫీ కాచారు. నేల మీద పచ్చగడ్డి పరిచి, గింజలు మన ఎదుటే వేయించి, మూడు విడతలుగా పోస్తారు. ఫెరెంజిని, అంటే విదేశీయుణ్ణి కాబట్టి నన్ను లోపలి గదిలో పీట మీద కూర్చోబెట్టారు. కట్టెల మోపుతో ఒక మాంజో స్త్రీ వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమెకు డబ్బులిచ్చారు, లోపలికి పిలవలేదు. నేను కప్పు పట్టుకుని బయటికి వచ్చి, ఆమెకు కొంచెం పక్కగా నేల మీద కూర్చున్నాను. ఇంటివాళ్ళు నవ్వి నాకోసం పీట బయటికి తెచ్చారు. ఆమె మరి నాలుగడుగులు దూరం జరిగింది. ఫెరెంజి ఏం చేసినా వేడుకే, దానికి సామాజికమైన అర్థం ఉండదు. నాకు జిమ్మాలో దొరికిన గౌరవంలో కొంత భాగం ఇదేనని ఆ వాకిట్లో నాకు అర్థమైంది. ఆ సమాజం కులం లేనిదై కాదు, నన్ను ఏ గదిలో ఉంచాలో దానికి తెలియక.

ఇంకొకటి కూడా ఆ ఊళ్ళోనే గమనించాను. 1974 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం 1975లో గ్రామీణ భూమినంతా జాతీయం చేసి దున్నేవాళ్ళకు పంచింది. మాంజోలకు కూడా సాగుచేసుకునే భూమి దక్కింది. పళ్ళెం దక్కలేదు. మా ఊరిది తలకిందుల లెక్క. టీ అంగట్లో ఇప్పుడు చూరులో గ్లాసు లేదు. అది సంఘ సంస్కరణ వల్ల కాదు, పేపరు కప్పు వల్ల. అందరూ తాగి పారేసేదానికి ఎంగిలి లేదు. కప్పు సమానమైంది, భూమి ఎవరి దగ్గర ఉండేదో వాళ్ళ దగ్గరే ఉంది. ఒకటి వస్తే రెండోది దానంతట అదే వస్తుందని రెండు దేశాల్లోనూ విప్లవకారులు నమ్మారు. మన విద్యార్థి సంఘాల్లో ఇప్పటికీ ఈ వాదన రెండు పక్షాలుగా సాగుతోంది కాబట్టి ఆ ఊరి సంగతి వాళ్ళు తెలుసుకోవాలి.

2018 నాటికి పరిస్థితి మారింది. విదేశీ మారకం కొరత ఒకవైపు. పీహెచ్‌డీలు పూర్తిచేసిన ఇథియోపియన్లు తిరిగివస్తుండటం మరోవైపు. విదేశీ అధ్యాపకుల కాంట్రాక్టులు పొడిగించడం తగ్గింది. అది న్యాయమే, నా కుర్చీలోకి వచ్చింది నా విద్యార్థే. 2019 వేసవిలో ఫ్రిజ్‌నూ పరుపులనూ కొత్తగా వచ్చిన మరో తెలుగు కుటుంబానికి అమ్మేసి, పుస్తకాలు పిల్లలకు పంచి బయలుదేరాను. వీడ్కోలు సభలో కాఫీ మూడు విడతలూ తాగాం. మా ఊరు ఎలా ఉంటుందని అడిగారు. కొండలు, చింతచెట్లు, టమోటాలు అని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో నా మనసంతా 1917 మీద ఉంది. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చిన అంబేడ్కర్ ఉద్యోగంలో చేరడానికి బరోడా వెళితే ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయించింది. విదేశాల్లో గడిపిన ఏళ్ళు తాను అంటరానివాడినన్న సంగతినే మరిపించాయని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయన రాసుకున్నారు. మరుసటి ఏడాది బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడైనా, అధ్యాపకుల గదిలో అదే కూజాలోంచి ఆయన నీళ్ళు తాగడానికి సహోద్యోగులు అభ్యంతరపెట్టారు. విదేశీ పట్టా మీద ఏ ముద్ర ఉన్నా కూజా దగ్గర చెల్లదు. వందేళ్ళు గడిచాయి కదా, కర్రలు ఉండవని నాకు తెలుసు. కర్రలు లేవు.

పిల్ల చదువు కోసం మదనపల్లెలో ఇల్లు వెతికాం. విదేశాల నుంచి వచ్చిన ప్రొఫెసర్ అనగానే గేటు తెరిచి, నీళ్ళిచ్చి, గదులు చూపించారు. ఇరవై నిమిషాలు నేను ప్రొఫెసర్‌నే. ఆ తర్వాత ఇంటావిడ మా ఆవిడను మెల్లగా అడుగుతుంది: “మీరు ఏమోళ్ళు?” కొందరు అది కూడా అడగరు. మాంసం తింటారా, ఏ పండగలు చేస్తారు, ఊళ్ళో మీ ఇల్లు ఏ వీధిలో అని చుట్టుదారిన వస్తారు. మరునాడు ఫోను. అల్లుడు దిగుతాడట, సున్నం వేయించాలట, అమ్మేద్దామనుకుంటున్నారట. ఒకచోట ఇచ్చిన అడ్వాన్సు కూడా మర్యాదగా తిరిగి వచ్చింది. తొమ్మిది ఇళ్ళు చూశాం.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో నివాస గృహాల ప్రస్తావన స్పష్టంగా ఉంది, అంటరానితనం పేరిట ఇల్లు దక్కకుండా చేయడం నేరం. కాని అల్లుడు రావడం నేరం కాదు. సుఖదేవ్ థోరట్ బృందం దిల్లీ పరిసరాల్లో ఇళ్ళ యజమానులకు వేర్వేరు పేర్లతో ఫోన్లు చేయించి, వెళ్ళి అడిగించి 2015లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపించింది. దళితులకు ఇల్లు దొరకడం కష్టం, ముస్లింలకు మరీ కష్టం. ఇలాంటి కారణాలు చిన్న పట్టణాలకు మాత్రమే చెందినవి కావు. ఒక్క సంగతి మాత్రం మదనపల్లెకు ప్రత్యేకం. ఈ పట్టణం పరాయి అధ్యాపకుణ్ణి ఎలా అక్కున చేర్చుకోవాలో ఎరిగినదే. ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్ ఇక్కడి థియోసాఫికల్ కళాశాలలో పాఠాలు చెప్పాడు. ఆయన ఉండగానే 1919 ఫిబ్రవరిలో టాగూర్ వచ్చి జనగణమనను ఇక్కడే ఇంగ్లీషు చేశాడు. కజిన్స్ 1956లో ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. వేల మైళ్ళ అవతలి మనిషి ఇక్కడివాడైపోయాడు. యాభై కిలోమీటర్లు కూడా లేని పి.టి.ఎం. మనిషి కాలేకపోవడానికి దూరం కారణం కాదు.

దళితవాడలోని మా పాత ఇంటి పక్కనే రెండు గదులు వేసుకుని ఉంటున్నాం. ఎదురింట్లో కువైట్‌లో పదమూడేళ్ళు ఖద్దామాగా పనిచేసి వచ్చిన అక్క ఉంది. మా ప్రాంతం నుంచి అలా వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. నేనూ విదేశంలోనే ఉన్నాను, ఆమే విదేశంలోనే ఉంది. నన్ను ప్రవాసి అంటారు, ఆమెను వలస కూలీ అంటారు. ఆమె తిరిగివచ్చినప్పుడు వీడ్కోలు సభ జరగలేదు. సేఠు ఇంట్లో తన పళ్ళెం వేరుగా ఉండేదా అని అడిగాను. “వేరేగానే ఉండె. అయితే వాళ్ళు నన్ను పనిమనిసి అని వేరుపెట్టిరి, అంతే. ఈడ మాదిరి పుట్టుక అడగల్యా” అంది. అనుభవాలను ఇంత తేటగా వేరుచేసి చెప్పగలిగిన సమాజశాస్త్ర ఆచార్యులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

పోయిన నెలలో మా వాడ కుర్రాడొకడు వచ్చాడు. ఎం.టెక్. చేశాడు, ప్రైవేటు కళాశాలలో గంటల లెక్కన చెబుతున్నాడు. ఇథియోపియాలో ఉద్యోగాలున్నాయా అని అడిగాడు. మునుపటిలా లేవని, ఆఫ్రికాలోనే వేరే దేశాలు చూసుకోవచ్చని, ఏ సర్టిఫికెట్ల మీద ఏ ముద్రలు వేయించాలో, వీసాకు ఎన్నాళ్ళు పడుతుందో చెప్పాను. మలేరియా మందుల సంగతీ చెప్పాను. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు. జీతం ఎంతో అతను అడగలేదు. “అక్కడ మనకు ఇల్లు వాళ్ళే ఇస్తారా సార్?” అని అడిగాడు.

ఇస్తారని చెప్పాను, తాళం చెవి మొదటి రోజే చేతికిస్తారని.